మూడో పిలుపు

గులాబీరంగు కరపత్రం. కోర్టు వరండా స్తంభానికి మైదాపిండితో ఎవరో అంటించి పోయారు. దయానందం ఒకసారి చదివాడు. నమ్మబుద్ధి కాక మళ్ళీ చదివాడు.

"గుడివాడ నాటక పోటీల సందర్భంగా, పక్క పందిరిలో, శనివారం సాయంత్రం ఆరు గంటలకు 'కోర్టు పిలుపు'. కడుపుబ్బ నవ్వించే హాస్య ప్రదర్శన. రచన, నటన: శ్రీ కోదండరామయ్య, బి.ఏ., బి.ఎల్., ప్లీడరు, బందరు."

అరికాలి మంట నెత్తికెక్కింది. రచనట! ఆయన రాసిందేమిటి? ఆ ఆటలో ప్రతి మాటా, ప్రతి దగ్గూ, ముసలమ్మ కొంగు సర్దుకునే తీరూ, జడ్జిగారి ఆవలింతా అన్నీ దయానందానివి. మూడేళ్ళుగా మధ్యాహ్నం తిండివేళ ఇదే వరండాలో గుమాస్తాల ముందు ఆడి ఆడి అరగదీసుకున్నవి. నిరుడు ఇదే గుడివాడలో, ఇదే పక్క పందిరిలో, జనం ఈలలు వేసి మళ్ళీ మళ్ళీ ఆడించుకున్నవి. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లోనైనా తన పేరుందేమోనని కాగితం చివరిదాకా వెతికాడు. అక్కడ అచ్చాఫీసు పేరుంది.

అరవై ఒకటో సంవత్సరం మాట అది. దయానందం బందరు కోర్టుల్లో ఒకదానిలో బిళ్ళబంట్రోతు. ఏ కోర్టని అడక్కండి, అన్ని కోర్టులూ ఒకలాగే ఉంటాయి. భుజం మీదుగా ఎర్ర పట్టీ, దానికో ఇత్తడి బిళ్ళ. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం చర్చి గంటను తలదన్నేది. కేసు రాగానే వరండా అంచుకు వచ్చి పేరు పిలవడం అతని పని. మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ పలక్కపోతే లోపలికి వెళ్ళి, "పలకలేదండి" అనాలి. అంతటితో ఆ మనిషి కేసు ఆ రోజుకి చచ్చినట్టే.

ఆ మూడు పిలుపులకీ ఒక పద్ధతుంది. అతనికి ముందు పనిచేసిన ముసలి బంట్రోతు నేర్పిపోయాడు. మొదటిది గేటు వైపు తిరిగి. రెండోది వేపచెట్ల వైపు, కక్షిదారులు సద్దిమూటలు విప్పుకునే చోటికి. మూడోది వీధికి అవతలున్న కాఫీ హోటలు వైపు, ఎందుకంటే ప్లీడర్లు అక్కడుంటారు. పిలుపుకీ పిలుపుకీ మధ్య పది అంకెలు లెక్కపెట్టాలి. పరిగెత్తుకొచ్చేవాడికి ఆ పది అంకెలే ప్రాణం.

యాభై ఎనిమిదిలో ఒకనాడు దయానందం ఆ అంకెలు లెక్కపెట్టలేదు.

ఆ రోజు జడ్జిగారు మధ్యాహ్నం బండికి ఊరెళ్ళాలి. కేసులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. "ఊఁ, కానీ, కానీ" అని బల్ల మీద వేళ్ళతో కొడుతున్నారు. నాగిడి వెంకటరత్నమ్మ కేసు వచ్చింది. ఆవిడది ఎదురుమొండి దీవి. మొగుడు పోయాక, ఉన్న ఎకరం మెట్టనీ మరిది తన చేలో కలిపి దున్నేసుకున్నాడు. కోడి కూయకముందే బయల్దేరి, పోటు కోసం రేవులో కూర్చుని, పడవ దాటి నాగాయలంక చేరి, రెండు బస్సులు మారి రావాలి ఆవిడ. దయానందం వరండా అంచుకైనా వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి, మూడు పిలుపులూ ఒక్క ఊపిరిలో పిలిచేసి, "పలకలేదండి" అన్నాడు. జడ్జిగారి కలం గీరింది. ఆవిడ తరఫు ప్లీడరు హోటల్లో పెసరట్టు కోసం చూస్తున్నాడు. ఆయన ఎవరో వేరే చెప్పాలా? కోదండరామయ్యగారే.

ముసలమ్మ రొప్పుకుంటూ వరండా మెట్లెక్కేసరికి దయానందమే ఎదురొచ్చి చెప్పాడు. "మూడో పిలుపు అయిపోయిందమ్మా. కేసు కొట్టేశారు."

ఆవిడ గోల చెయ్యలేదు. శాపనార్థాలు పెట్టలేదు. బురద కాళ్ళతో మెట్టు మీద కూర్చుని, "మరి నేనొచ్చాను గదా బాబూ" అంది. ఆ మాటే రెండుమూడుసార్లు అంది. తర్వాత లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ అర్జీ పెట్టుకుని కేసు తెరిపించుకోవచ్చని చదువుకున్నవాళ్ళంటారు. దానికి మళ్ళీ ప్లీడరు కావాలి, మళ్ళీ పడవ కావాలి, మళ్ళీ పోటు కలిసిరావాలి. ఆవిడ మరి రాలేదు.

ఆ ఆట అలా పుట్టింది. ఏడిస్తే ఎవరు వింటారు? నవ్విస్తేనైనా కూర్చుని వింటారనుకున్నాడు. ఒక ముక్కాలిపీట, ఒక కండువా, అంతే సరంజామా. కండువా మెడ చుట్టూ వేస్తే ప్లీడరు, మడిచి ఒళ్ళో పెట్టుకుంటే జడ్జి, నెత్తిన కప్పుకుంటే ముసలమ్మ. మొదటి పిలుపుకి ప్లీడరు హోటల్లో అట్టు తెమ్మంటాడు. రెండో పిలుపుకి అల్లప్పచ్చడి తెమ్మంటాడు. మూడో పిలుపుకి, "వస్తున్నానయ్యా, కాఫీ చల్లారిపోదూ!" అంటాడు. జనం పొట్టలు పట్టుకునేవారు. చివర్లో ముసలమ్మ వచ్చేసరికి పందిరంతా ఒక్క క్షణం చప్పబడేది. వెంటనే ప్లీడరు మూతి తుడుచుకుంటూ వచ్చి, "మన కేసు పిలిచారేమిటి?" అనేవాడు. మళ్ళీ నవ్వులు. ఆ ఒక్క క్షణం కోసమే దయానందం అరగంట కష్టపడేవాడు. ముసలమ్మకి అతను చెప్పుకోగలిగిన సంజాయిషీ అదొక్కటే. ఇప్పుడు దాన్నే ఎత్తుకుపోయారు.

ఆ సాయంత్రమే ప్లీడరుగారింటికి వెళ్ళాడు. కోదండరామయ్యగారు పడక్కుర్చీలో విసురుకుంటున్నారు. నాటక పోటీల సంఘంలో ఆయన పెద్దమనిషి.

"అయ్యగారూ, ఆ కరపత్రం..."

"చూశావా? బాగా అచ్చేశాడు గదూ?" అన్నారాయన సంతోషంగా. "నేనే నీకు కబురు పెడదామనుకుంటున్నా."

"ఆ ఆట నాదండి."

"నీది కాదని ఎవరన్నారు? కాకపోతే నీది నోటిమాట, గాలికి పోయేది. నేను కూర్చుని కాగితం మీద పెట్టాను. కాగితం మీద పెట్టినవాడిదే రచన. కోర్టులో పనిచేస్తున్నావు, ఆ మాత్రం తెలీదట్రా?"

దయానందం ఇరవయ్యేళ్ళుగా కోర్టులో చూస్తున్నదే అది. కాగితం ఉన్నవాడిదే పొలం, కాగితం ఉన్నవాడిదే ఇల్లు. ఇప్పుడు నవ్వు కూడా కాగితం ఉన్నవాడిదే అయింది.

"కొంచెం సరిచేశాన్లే" అన్నారు ప్లీడరుగారు. "ఆ హోటలు ముక్క తీసేశాను. పదిమందిలో ప్లీడర్లని అల్లరిపెట్టడం మర్యాద కాదు. దాని బదులు ముసలిదాన్ని పెంచాను. మొదటి పిలుపుకి చేపలవాడి కేక అనుకుంటుంది, రెండో పిలుపుకి సద్దిమూట విప్పుతుంది, మూడో పిలుపుకి పక్క కోర్టులో దూరుతుంది. చీర కట్టుకుని నేనే వేస్తున్నాను. చచ్చిపోతారనుకో నవ్వలేక!"

"ఆవిడ అలా చెయ్యలేదండి."

"ఏవిడ?" అన్నారాయన.

నిజంగానే మరిచిపోయారు. వేషం వేసుకుంటున్నారు గాని మనిషి గుర్తులేదు. మూడేళ్ళ కిందట తను వకాల్తా పట్టిన మనిషి!

"నీ గొంతు మాత్రం నాకు రాదురా" అన్నారు ప్లీడరుగారు. "తెర పక్కన నించుని ఆ మూడు పిలుపులూ పిలువు, చాలు. రానంటే నీ ఇష్టం. కాకపోతే, కొత్త జడ్జిగారు కొంచెం కోపిష్టి. బంట్రోతు ఒకడు జడ్జీలని వెక్కిరిస్తూ ఆటలాడుతున్నాడని ఎవరైనా ఆయన చెవిన వేస్తే బాగుండదు గదా?"

"చిత్తం" అన్నాడు దయానందం.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో! ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా తన నోటిని తనే తిట్టుకున్నాడు. ప్రేమమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నది. మొగుడు తన కోపం ఇంట్లో గిన్నెల మీద వెళ్ళగక్కితే ఊరుకునే మనిషి కాదు ఆవిడ.

"ఆ చెంబేం చేసిందయ్యా నిన్ను, అలా విసిరావు?" అంది. "చిత్తం అనకపోతే నోరు పడిపోయేదా?"

"ఉద్యోగం పోయేదే."

"అయితే వెళ్ళు. వెళ్ళి పిలువు. ముసలమ్మని చూసి జనం ఇకిలిస్తుంటే ఎంత బాగా నిలబడతావో నిలబడు. వచ్చాక నాకేం చెప్పకు."

శనివారం మధ్యాహ్నం బండెక్కాడు. పక్కన అబ్దుల్ ఖాదర్ కూర్చున్నాడు. నాటకాలవాళ్ళకి దుస్తులు కుట్టి, వేషాలు కట్టే దర్జీ అతను. కాళ్ళ మధ్య రేకుపెట్టె. పెడన దాటింది, కవుతరం దాటింది. గుడ్లవల్లేరులో బండి ఆగినప్పుడు ఖాదర్ పెట్టె మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఆ చీర ఇందులోనే ఉంది. నా చేత్తో నేనే కట్టాలి. నాకు మాత్రం బాగుంటుందంటావా?"

"కట్టు భాయ్. నువ్వు కట్టకపోతే ఇంకోడు కడతాడు."

"మరి నువ్వు?"

దయానందం కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

గుడివాడలో పెద్ద పందిరికి రంగు గుడ్డలు, విద్యుద్దీపాల తోరణాలు. రాత్రి తొమ్మిదింటికి అక్కడ అసలు నాటకాలు. దాని పక్కన, గోడకి చేరగిలబడినట్టు, తాటాకుల పందిరి ఒకటి. బల్లలు నాలుగు కలిపి కట్టిన వేదిక, ఒక దుప్పటి తెర, ఒక పెట్రోమాక్సు లైటు. పక్క పందిరి అంటే అదే. టిక్కెట్టు దొరకనివాళ్ళు, కొనలేనివాళ్ళు, రైసుమిల్లు కూలీలు, జట్కావాళ్ళు, కూరలమ్మే ఆడవాళ్ళు అంతా అక్కడే. ముందు వరసలో బెంచీల మీద బందరు నుంచి వచ్చిన కోర్టు గుమాస్తాలూ, నలుగురైదుగురు ప్లీడర్లూ కూర్చున్నారు. నిరుడు చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. దయానందాన్ని చూసి ఒక కూరలామె, "అడుగో, అట్టు ప్లీడరు వచ్చాడు!" అని పక్కామెకి చూపించింది.

ఆరయింది. తెర లాగారు. కోదండరామయ్యగారు తెల్లచీర, నెరిసిన సవరం, చేతిలో కర్రతో వంగి వంగి వచ్చారు. నటన తెలిసినవాడే, అది ఒప్పుకోవాలి. ఆ వంగడంలోనే జనం నవ్వేశారు.

తెర పక్కనుంచి దయానందం గొంతెత్తాడు. "వాది నాగిడి వెంకటరత్నమ్మా!"

వేదిక మీద ముసలిది చెయ్యి చెవికి ఆనించుకుని, "ఏం చేపరా అది, మట్టగిడసా?" అంది. పందిరి ఘొల్లుమంది.

దయానందం పది లెక్కపెట్టాడు. రెండో పిలుపు పిలిచాడు. ముసలిది కాళ్ళు చాపుకుని కూర్చుని, మూట విప్పి, అన్నం ముద్ద మీద ఈగలు తోలుకుంటూ, పేరు పెట్టి పిలిచినవాడిని కూడా ఈగలతోపాటే తోలేసింది. రైసుమిల్లు కూలీలు విరగబడి నవ్వారు. చేత్తో సద్దిమూట పట్టుకుని వచ్చినవాళ్ళే ఆ సద్దిమూటని చూసి నవ్వుతున్నారు. మొన్న మొన్నటిదాకా కోర్టు మెట్ల మీద ఇలాగే కూర్చుని బిక్కుబిక్కుమన్నవాళ్ళూ అందులో ఉండే ఉంటారు. దయానందానికి వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. ఎవరిని చూసి నవ్వుతున్నారర్రా? మీ అమ్మని చూసి నవ్వుతున్నారు!

మళ్ళీ పది లెక్కపెట్టాడు. మూడో పిలుపు పిలవలేదు.

వేదిక మీద ముసలిది ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. ఇంకో ముద్ద కలిపింది. పెట్రోమాక్సు బుస తప్ప చప్పుడు లేదు. "పిలవరా!" అంది ముసలిది పళ్ళ మధ్యనుంచి.

దయానందం తెర పక్కనుంచి బయటికి వచ్చాడు. వేదిక అంచున, కోర్టు వరండా అంచున నిలబడ్డట్టే నిలబడ్డాడు. అక్కడ గేటుండే వైపు తిరిగాడు.

"వాది తరఫు ప్లీడరు కోదండరామయ్యగారూ!"

బెంచీల మీద గుమాస్తాలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్లీడరుగారు ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. పది అంకెలు. దయానందం రెండో వైపు తిరిగాడు.

"వాది తరఫు ప్లీడరు కోదండరామయ్యగారూ!"

పందిరి చివర ఎవరో కిసుక్కుమన్నారు. నిరుడు చూసిన కూరలామెకి వెలిగింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, అట్టు ప్లీడరు ఈయనేనే!" అని బిగ్గరగా అనేసింది. పది అంకెలు. దయానందం మూడో వైపు తిరిగాడు. ఈసారి గొంతు ఎంత ఉందో అంతా విప్పాడు. పెద్ద పందిరిలో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

"వాది తరఫు ప్లీడరు కోదండరామయ్యగారూ!"

పాతికేళ్ళ అలవాటు మనిషిని వదుల్తుందా? ఆ గొంతు అలా పిలిస్తే ఆ నోరు పలకాల్సిందే. తెల్లచీరా సవరం మరిచిపోయి, అన్నం చేత్తోనే గబుక్కున లేచి నిలబడి, నిండు కోర్టు గొంతుతో, "ఆఁ, ఉన్నానయ్యా, ఉన్నాను!" అన్నారు కోదండరామయ్యగారు.

దయానందం ఆయన వైపు తిరిగాడు. ఏమాత్రం తొందరపడకుండా, మర్యాదగా చెప్పాడు.

"మూడో పిలుపు అయిపోయిందండి. కేసు కొట్టేశారు."

పందిరి కూలిపోతుందేమోనన్నంతగా నవ్వారు జనం. ప్లీడర్లు కూడా నవ్వారు, అందరికంటే ఎక్కువ వాళ్ళే నవ్వారు. తెర తాడు పట్టుకున్న ఖాదర్ దాన్ని లాగడం మరిచిపోయాడు. కోదండరామయ్యగారు, "ఒరేయ్, నీ అంతు చూస్తాను!" అని మీదికి రాబోయి, కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడి ముక్కాలిపీట మీద కూలబడ్డారు. అది కూడా ఆటలో భాగమేననుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

తిరుగు బండిలో ఖాదర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. పెడన దాకా నవ్వుతూనే ఉన్నాడు. దయానందం మొహం మాత్రం కందగడ్డలాగే ఉంది.

"ఇంకా ఏమిటయ్యా కోపం? వాడి పరువు తీశావు. రేపు నీ ఉద్యోగం ఉన్నా పోయినా, ఇవాళ గెలిచావు."

"వాడి మీద కాదు భాయ్."

"మరెవరి మీద?"

ఆ రోజు సంగతి అతను పూర్తిగా ఎవరికీ చెప్పలేదు, ప్రేమమ్మకి కూడా. ఆటలో కూడా పెట్టలేదు.

"ఆ ముసలమ్మ మూడో పిలుపు అయ్యాక రాలేదు" అన్నాడు చివరికి. "అలా ఆడాను గాని, అది అబద్ధం. నేను పిలుస్తుండగానే గేటు దగ్గరనుంచి కేకేసింది. 'ఉన్నాను బాబో, ఉన్నాను' అని. నాకు వినపడింది."

ఖాదర్ నవ్వు ఆగిపోయింది.

"అప్పటికే జడ్జిగారు కలం ఎత్తారు. ఆగమంటే కసురుతారని, వినపడనట్టు ఊరుకున్నా. పలకలేదండి అన్నా. ప్లీడరు హోటల్లో ఉన్నాడంటే సరే, నేను గుమ్మంలోనే ఉన్నాగా భాయ్! మూడేళ్ళనుంచి వాణ్ణి చూపించి అందర్నీ నవ్వించి, నేను తప్పుకు తిరుగుతున్నా."

ఖాదర్ రేకుపెట్టె దగ్గరికి లాక్కుని దాని గడియ పెట్టాడు.

సోమవారానికి దయానందం భుజం మీది పట్టీ తీయించారు. ఉద్యోగం పూర్తిగా ఊడలేదు గాని, పాతకట్టలుండే రికార్డు గదిలో పడేశారు. అక్కడ పిలవడానికి ఎవరూ ఉండరు. ఒకరోజు దుమ్ము దులుపుతుంటే ఆవిడ కట్ట చేతికొచ్చింది. చివరి కాగితం మీద ఒక్కటే వాక్యం ఉంది. "వాదిని మూడు పర్యాయములు పిలిపించగా హాజరు కాలేదు." కింద జడ్జిగారి సంతకం. అతను అబద్ధమాడాడు, కోర్టు దాన్ని మంచి దస్తూరీతో రాసి పెట్టుకుంది. దాన్ని చింపి పోగులు పెడదామన్నంత కోపం వచ్చింది. చింపితే ఏమవుతుంది? ఎకరం వెనక్కి రాదు. కట్ట ఎక్కడిదక్కడ పెట్టి గది తలుపు దడాల్న మూశాడు.

మరుసటేడు గుడివాడవాళ్ళే కబురు పెట్టారు. కోదండరామయ్యగారు ఆ ఏడు నుంచి సంఘంలో లేరు. కరపత్రంలో దయానందం పేరు ఒక్కటే వేశారు. అదే పక్క పందిరి, అదే ముక్కాలిపీట, అదే కండువా. ప్రేమమ్మ కూడా వచ్చి చాప మీద కూర్చుంది. అట్టు ప్లీడరు వచ్చాడు, జనం పొర్లి పొర్లి నవ్వారు. మూడో పిలుపు దగ్గర దయానందం కండువా నెత్తిన కప్పుకుని, "ఉన్నాను బాబో, ఉన్నాను!" అని కేకేశాడు. తర్వాత కండువా అడ్డంగా భుజం మీద ఎర్ర పట్టీలాగా వేసుకున్నాడు. ఎప్పుడూ వెయ్యని వేషం అది. లోపలికి తిరిగి చేతులు కట్టుకుని, "పలకలేదండి" అన్నాడు.

ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో గుమాస్తా ఒకడు తల దించుకున్నాడు. ఆట అయ్యాక సంఘంవాళ్ళు వచ్చి, అంతా బ్రహ్మాండంగా ఉంది గాని ఆ ఒక్క ముక్కే అడ్డం పడుతోంది, తీసెయ్యరాదా అని అడిగారు.

"అది తీసేస్తే నేను ఆడనండి" అన్నాడు దయానందం.

తర్వాత ఎన్నో ఏళ్ళు ఆడాడు, గుడివాడలో, అవనిగడ్డలో, బందరు చర్చి ఆవరణలో. ఆ చోట ఎక్కడా ఎవరూ నవ్వేవారు కాదు. అతను ఏ ఏడూ ఆ ముక్క తీసెయ్యలేదు.